చెట్టుకు ముందు, మనిషికి తర్వాత: తడిగుడ్డ థర్మామీటరు కథ

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడిందే కొంచెం సాపు చేసి ఇక్కడ రాస్తున్నాను. వినే తీరిక దొరకని అన్నలు, తమ్ముళ్ళు లారీలో కూర్చుని చదువుకోవచ్చు.

సింగపూర్‌లో పనిచేసేవాళ్ళకు ఓల్డ్ చోవా చూ కాంగ్ రోడ్డు కొత్తేమీ కాదు. 25,000 మంది పట్టే సుంగే తెంగా లాడ్జ్ డార్మిటరీ ఆ రోడ్డు మీదే ఉంది. ఆ చుట్టుపక్కలే సుంగే తెంగా అగ్రోటెక్నాలజీ పార్కు. అక్కడ ఆర్కిడ్ పూలు, అలంకార చేపలు పెంచుతారు. ఆర్కిడ్ మొక్క దగ్గర తోటమాలి రోజూ రెండు అంకెలు చూస్తాడు: ఎంత వేడి, గాలిలో ఎంత తేమ. ఆ డార్మిటరీ నుంచి సైటుకు పోయే మనిషి దగ్గర కూడా ఇప్పుడు అవే కొలుస్తున్నారు. కాకపోతే మొక్క దగ్గర కొలవడం మొదలై 200 ఏళ్ళయింది. మనకు సింగపూర్‌లో గట్టి రూలు వచ్చింది 2023లో. ఈ మధ్యలో ఏం జరిగిందన్నదే ఈ కథ.

వడగాలి వేరు, ఉక్కపోత వేరు

మన భాషలో ఈ తేడా ఎప్పటినుంచో ఉంది. మే నెలలో నిజామాబాద్‌లో కొట్టేది వడగాలి. విశాఖలో, కాకినాడలో పట్టేది ఉక్కపోత. వడగాలిలో చెమట పట్టినట్టే తెలియదు, పట్టగానే ఆరిపోతుంది. ఉక్కపోతలో చొక్కా పిండితే నీళ్ళు కారతాయి గానీ ఒళ్ళు చల్లబడదు.

కారణం కుండలోనే ఉంది. కుండ గోడల్లోంచి ఊరిన నీళ్ళు ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతాయి. గాలి పొడిగా ఉంటే ఆవిరి తొందరగా అవుతుంది, కుండ బాగా చల్లబడుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీళ్ళు పోవడానికి చోటుండదు. వట్టివేళ్ళ తడికల మీద నీళ్ళు చల్లడం, ఇంట్లో ఎయిర్ కూలర్ పెట్టుకోవడం, మన ఒంటి చెమట, అన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

దీన్ని కొలవాలంటే రెండు థర్మామీటర్లు చాలు. ఒకటి మామూలుగా వేలాడదీయాలి. రెండోదాని బల్బుకు తడిపిన పల్చటి గుడ్డ చుట్టాలి. తడిగుడ్డ ఉన్నది కొన్ని డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. ఆ తేడా ఎక్కువుంటే గాలి పొడిగా ఉన్నట్టు, తక్కువుంటే తేమగా ఉన్నట్టు. తడిగుడ్డ చూపించే అంకెనే వెట్ బల్బ్ అంటారు. చెమట మనిషిని ఎంతవరకు చల్లబరచగలదో చెప్పేది ఆ అంకే.

లెక్క చూడండి. 42 డిగ్రీల ఎండ, గాలిలో 20 శాతం తేమ ఉన్న తెలంగాణ మధ్యాహ్నం వెట్ బల్బ్ సుమారు 24. సింగపూర్‌లో 33 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం అది 27 దాటుతుంది. ఎండ 9 డిగ్రీలు తక్కువే అయినా, చెమట ఆరే దారి ఇక్కడే ఇరుకు. కొత్తగా వచ్చిన తమ్ముళ్ళు "మా ఊరి ఎండ ముందు ఇదెంత" అంటుంటారు. వాళ్ళకు ఈ రెండు అంకెలు చెప్పండి.

వెంట్రుక నుంచి తడిగుడ్డ దాకా

గాలిలో తేమను కొలవడానికి మొదట్లో బాగా పనికొచ్చిన సాధనం మనిషి వెంట్రుక. తేమ తగిలితే వెంట్రుక కొంచెం సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. జెనీవాకు చెందిన సొసూర్ అనే శాస్త్రవేత్త దానికి ఒక ముల్లు కట్టి, 1783లో తన పుస్తకంలో ఆ పరికరాన్ని వివరించాడు. తడి, పొడి థర్మామీటర్ల జంటను 1820లలో జర్మనీలో ఆగస్ట్ అనే ఆయన సరైన కొలత పరికరంగా మలిచాడు.

దీన్ని తోటలోకి తెచ్చిన మాట లండన్‌లో వినబడింది. జాన్ ఫ్రెడరిక్ డానియెల్ అనే శాస్త్రవేత్త 1820లో మంచుబిందువును కొలిచే హైగ్రోమీటర్ చేశాడు. 1824లో అక్కడి హార్టికల్చరల్ సొసైటీకి ఒక వ్యాసం ఇచ్చాడు. గాజు ఇళ్ళల్లో మొక్కలు పెంచేవాళ్ళు వేడిని మాత్రమే చూస్తున్నారు, తేమను పట్టించుకోవడం లేదు, వేడిదేశపు మొక్కకు రెండూ కావాలి అన్నది ఆయన వాదన. గ్రీన్‌హౌస్‌లో థర్మామీటరు పక్కన తేమ మీటరు కూడా ఉండాలన్న ఆలోచనకు వేరు అక్కడుంది. తర్వాత 1845లో బ్రిటన్‌లో గాజు మీద పన్ను తీసేశారు. గాజు చౌకయ్యాక, అంతవరకు జమీందార్ల తోటల్లోనే ఉన్న గాజు ఇల్లు మధ్యతరగతి పెరట్లోకి కూడా వచ్చింది.

గాజుపెట్టెలో వచ్చిన రబ్బరు

ఇంట్లో పెట్టుకునే అతి చిన్న గ్రీన్‌హౌస్ మాత్రం అనుకోకుండా పుట్టింది. 1829లో నథానియెల్ వార్డ్ అనే లండన్ డాక్టరు, ఒక పురుగు గూడును తడిమట్టితో సహా సీసాలో పెట్టి మూత బిగించాడు. ఆ మట్టిలోంచి ఒక ఫెర్న్ మొక్క, కొంత గడ్డి మొలిచాయి. పగలు మట్టిలోని నీళ్ళు ఆవిరై గాజుకు పట్టేవి, మళ్ళీ కిందికి జారేవి. పైనుంచి నీళ్ళు పోసే పనే లేదు. 1833లో ఆయన ఇలాంటి పెట్టెల్లో మొక్కలు పెట్టి ఓడలో సిడ్నీకి పంపితే బతికే చేరాయి. అంతకుముందు ఓడ మీద మొక్కలు ఉప్పుగాలికి, మంచినీళ్ళు చాలక ఎక్కువగా చచ్చిపోయేవి.

ఈ గాజుపెట్టెలే పంటలను దేశాలు దాటించాయి. 1876లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్ నుంచి సుమారు 70,000 రబ్బరు గింజలను లండన్‌లోని క్యూ గార్డెన్స్‌కు తెచ్చాడు. మొలకెత్తినవి సుమారు 2,700. అందులో ఎక్కువ మొక్కలను గాజుపెట్టెల్లో సిలోన్‌కు పంపారు. 1877లో సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌కు చేరినవి 22 మాత్రమే. 1888లో ఆ తోటకు వచ్చిన హెన్రీ రిడ్లీ, చెట్టును చంపకుండా పాలు తీసే పద్ధతిని తేల్చాడు. తర్వాత మలయా అంతా రబ్బరు తోటలయ్యాయి.

ఆ తోటల్లో పనికి మనుషులు కావాలి. ఎక్కువమంది తమిళనాడు నుంచి వచ్చారు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి వైపు నుంచి తెలుగువాళ్ళూ కంగాణీల వెంట ఓడలెక్కి రబ్బరు, కొబ్బరి తోటలకు వచ్చారు. 1938లో భారత ప్రభుత్వం మలయాకు కూలీలను పంపడం ఆపేదాకా ఇది సాగింది. మొక్క వచ్చిన పెట్టెలో తేమ ఎంతుండాలో ఆలోచించినవాళ్ళున్నారు. అదే తోటలో ఉక్కపోతలో చెట్టుచెట్టుకూ తిరిగిన మనిషి పక్కన ఆ రెండు థర్మామీటర్లు పెట్టాలన్న రూలు మాత్రం లేదు.

మగ్గం, గని, సైన్యం

మనిషి పనిచేసే చోట తేమకు చట్టం హద్దు పెట్టిన తొలి సందర్భాల్లో ఒకటి ఇంగ్లండ్‌లోని లాంకషైర్ నేత మిల్లుల్లో వచ్చింది. గంజి పెట్టిన పడుగు తెగకుండా ఉండడానికి యజమానులు షెడ్డులోకి ఆవిరి వదిలేవాళ్ళు. నూలుకు మంచిదే, నేసేవాళ్ళకు ఊపిరాడేది కాదు. వాళ్ళు గట్టిగా అడిగితే 1889లో చట్టం వచ్చింది. షెడ్డులో తడి, పొడి థర్మామీటర్లు పెట్టాలి, రీడింగులు రాయాలి, ఏ వేడికి ఎంత తేమ దాటకూడదో పట్టికలో ఉంటుంది.

1905లో జాన్ స్కాట్ హాల్డేన్, కార్న్‌వాల్ తగరపు గనుల అనుభవంతో ఇంకో మాట తేల్చాడు. గాలి ఆడని చోట మనిషిని దెబ్బతీసేది మామూలు థర్మామీటరు అంకె కాదు, వెట్ బల్బ్ అంకె. అది సుమారు 31 డిగ్రీలు దాటితే చొక్కా విప్పి కూర్చున్నా ఒంటి వేడి పెరుగుతుంది.

మన పక్కనే కోలార్ బంగారు గనులు ఉండేవి. తమిళం, తెలుగు, కన్నడం మాట్లాడే కుటుంబాలు తరాలుగా పనిచేసిన చోటు. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్ల లోతు దాటింది. అంత లోతులో రాయే వేడిగా ఉంటుంది. అక్కడి కార్మికులతో చేసిన పరీక్షల ఫలితాలను 1946లో క్యాప్లన్, లిండ్సే అనే ఇద్దరు ప్రచురించారు. వేడి, తేమ పెరిగేకొద్దీ మనిషి చేసే పని ఎట్లా పడిపోతుందో అందులో చూపించారు. కొలిచింది మనుషుల దగ్గరే, కానీ అడిగిన ప్రశ్న పని ఎంత తగ్గుతుందని.

ఇప్పుడు మన సైట్లలో ఉన్న డబ్ల్యూబీజీటీ మీటరు సైన్యం నుంచి వచ్చింది. 1950లలో అమెరికాలోని పారిస్ ఐలండ్ శిక్షణ కేంద్రంలో కొత్త సైనికులు ఎండదెబ్బకు పడిపోతుంటే, యాగ్లూ, మినార్డ్ అనేవాళ్ళు ఈ లెక్క కట్టి 1957లో ప్రచురించారు. ఆరుబయట అయితే వెట్ బల్బ్‌కు 70 శాతం, ఎండను పట్టే నల్ల గోళానికి 20 శాతం, మామూలు థర్మామీటరుకు 10 శాతం. తడిగుడ్డకే పెద్ద వాటా.

ఇంటి దగ్గర షేడ్‌నెట్ వేసేవాళ్ళకు

మనలో చాలామంది ఇంటికి పంపిన డబ్బుతో మిద్దె మీదో, చెలకలోనో చిన్న షేడ్‌నెట్, పాలీహౌస్ వేయిస్తున్నారు. చేతిలో ఇమిడే డిజిటల్ మీటరు ఒకటి కొని పంపితే ఈ చరిత్ర అంతా అక్కడ పనికొస్తుంది.

ఆ మీటరులో తేమ శాతం చూసి తొందరపడొద్దు. సింగపూర్‌లో తెల్లవారుజామున తేమ 90 శాతం పైన ఉంటుంది. వాన లేని రోజు మధ్యాహ్నానికి 60 దగ్గరికి దిగుతుంది. గాలిలోంచి నీళ్ళు ఎక్కడికీ పోలేదు. 25 డిగ్రీల దగ్గర 95 శాతం ఉన్న గాలి, అదే నీటితో 33 డిగ్రీలకు వేడెక్కితే 60 శాతం చూపిస్తుంది. అందుకే వేడి, తేమ రెండు అంకెలనూ కలిపి చదవాలి, ఎప్పుడు చదివామో టైం కూడా రాయాలి.

మొక్కకు తెగులు ఎక్కువగా తెల్లవారుజామున పడుతుంది. చల్లబడిన ఆకు మీద మంచు పట్టి, చాలాసేపు తడిగా ఉంటే బూజు మొదలవుతుంది. కాబట్టి ఇంట్లోవాళ్ళను తెల్లవారకముందు ఒకసారి, మధ్యాహ్నం 2, 3 గంటల మధ్య ఒకసారి చూసి నోటుబుక్కులో రాయమనండి. మీటరు ఆకుల ఎత్తులో ఉండాలి. నేరుగా ఎండ పడకూడదు, గాలి తగలాలి. గోడకు, తలుపు పక్కన వేలాడదీస్తే అది గోడ సంగతి, తలుపు సంగతి చెబుతుంది.

ఇంకొకటి. తడి ప్యాడ్లు, ఫ్యాన్లు పెట్టి చల్లబరిచే పాలీహౌస్ తెలంగాణ వేసవిలో బాగా పనిచేస్తుంది, 42 నుంచి 24 వైపు దిగే చోటుంది కాబట్టి. సింగపూర్‌లో ఆ చోటు అయిదారు డిగ్రీలే. అందుకే ఇక్కడ 2012లో తెరిచిన గార్డెన్స్ బై ద బేలోని ఫ్లవర్ డోమ్‌లో ముందు గాలిలోని తేమను లాగేసి, తర్వాత చల్లబరుస్తారు. కోస్తాలో పాలీహౌస్ వేసేవాళ్ళు డబ్బు పెట్టేముందు ఈ తేడా అడిగి తెలుసుకోవాలి.

సైటులో 32, 33

2023 అక్టోబరులో సింగపూర్ మినిస్ట్రీ ఆఫ్ మ్యాన్‌పవర్ పద్ధతి పెట్టింది. ఆరుబయట పని జరిగేటప్పుడు గంటకోసారి డబ్ల్యూబీజీటీ చూడాలి. 32 అయినా, దాటినా బరువు పని చేసేవాళ్ళకు గంటకు కనీసం 10 నిమిషాలు నీడలో విశ్రాంతి. 33 అయితే 15 నిమిషాలు. కొత్తగా వచ్చినవాళ్ళను, పెద్ద సెలవు మీద పోయి వచ్చినవాళ్ళను కనీసం 7 రోజులు మెల్లమెల్లగా ఎండకు అలవాటు చేయాలి. ఖతార్ 2021లో ఇదే కొలతతో ఇంకో రూలు పెట్టింది: 32.1 దాటితే పని ఆపాలి. సౌదీ, యూఏఈ, కువైట్‌లలో ఎండాకాలం మధ్యాహ్నం గంటల లెక్కన ఆపుతారు. గంటల రూలు గుర్తుపెట్టుకోవడం సులువు. కానీ సాయంత్రం 5 గంటలకు సముద్రపు తేమ కమ్ముకుంటే గడియారానికి తెలియదు, తడిగుడ్డకు తెలుస్తుంది.

సూపర్‌వైజర్‌గా నాకు రెండువైపులా తెలుసు. కాంక్రీటు లారీ వచ్చి నిలబడ్డప్పుడు 15 నిమిషాలు ఆపడం ఎంత కష్టమో తెలుసు. నేను ఇదివరకు పనిచేసిన ఒక సైటులో మీటరును ఆఫీసు కంటైనర్ నీడలో పెట్టేవాళ్ళు. అక్కడ 31 చూపిస్తుంటే, పైన స్లాబ్ మీద కడ్డీ కట్టేవాళ్ళు నల్లటి ఇనుము పక్కన మాడిపోయేవాళ్ళు. ఆర్కిడ్ పెంచేవాడు అట్లా చేయడు. మొక్క ఎక్కడుంటే మీటరు అక్కడే పెడతాడు, చస్తే నష్టం తనదే కాబట్టి.

అందుకని మీరు అడగాల్సినవి మూడు మాటలు: మీటరు ఎక్కడుంది, ఇప్పుడు అంకె ఎంత, దానికి మా విశ్రాంతి ఎంత. మర్యాదగా, టూల్‌బాక్స్ మీటింగ్‌లో అందరి ముందు అడగండి. పక్కనున్నవాడు తల తిరుగుతోందన్నా, మాట తడబడుతున్నా అంకె కోసం ఆగొద్దు. నీడలోకి తీసుకుపోయి, ఒళ్ళు తడిపి, గాలి విసురుతూ సాయం పిలవండి.

మీ దేశంలో, మీ సైటులో ఏ రూలు నడుస్తోందో, మీటరు ఎక్కడ పెట్టారో వాయిస్ మెసేజ్ పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటిని వినిపిస్తాం. కంపెనీ పేరు, మీ పేరు చెప్పక్కర్లేదు. అంకె, టైం చెబితే చాలు.