రైలుకు పూచీ, నీటికి వాయిదా

భారతదేశంలో రైలు మార్గాలు వేయడానికి 1849లో లండన్‌లో ఒప్పందాలు కుదిరాయి. కంపెనీలు పెట్టే సొమ్ముకు ఏటా 5 శాతం వడ్డీ వచ్చేలా ప్రభుత్వమే పూచీ పడింది. తక్కువైతే ఇక్కడి ఖజానా, అంటే చాలావరకు రైతు కట్టే శిస్తు, ఆ లోటు పూడ్చాలి. వడ్డీ ఖాయమయ్యాక ఖర్చు మీద అదుపు పోయింది. తన డబ్బు హుగ్లీ నదిలో పోసినా ఇటుకల్లో పెట్టినా వాటాదారుకు ఒకటేనని, వైస్రాయి ప్రభుత్వంలో ఆర్థిక వ్యవహారాలు చూసిన విలియం మాస్సీయే 1872లో పార్లమెంటు కమిటీకి చెప్పాడు.

నీటికి అలాంటి ఆదరణ దొరకలేదు. 1832-33 నాటి డొక్కల కరువు గుంటూరు సీమను ఊడ్చేశాక కూడా ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలవడానికి 1847 దాకా పట్టింది. దాన్ని కట్టిన ఆర్థర్ కాటన్, రైలుకంటే కాలువే దేశానికి మేలని చివరిదాకా వాదించాడు.

1858లో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీకి మాత్రం పది లక్షల పౌన్ల మీద అదే 5 శాతం పూచీ దక్కింది. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప దాకా, సుమారు 300 కిలోమీటర్ల కాలువను అది 1871లో పూర్తిచేసింది. అయితే దారిలో ఉన్నది నల్లరేగడి. ఒక్క మంచి వాన పడితే ఆ నేలలో పదును నెలల తరబడి నిలుస్తుంది. జొన్న, పత్తి వేసుకునే రైతు డబ్బిచ్చి నీళ్లు కొనడమెందుకు? మెట్టను మాగాణి చేయాలంటే చేను చదును చేయాలి, గట్లు పోయాలి, ఎడ్లకూ ఎరువుకూ అప్పు తేవాలి. అది ఏళ్ల మీద తేలే పని. కంపెనీ వడ్డీ అన్నేళ్లు ఆగదు. 1876-78 ధాత కరువులో ఆ రైతులే కాలువ నీళ్లకు ఎగబడ్డారు. రైళ్లు ధాన్యం మోసుకొచ్చినా, కొనడానికి కూలివాడి చేతిలో కాసు లేదు. చివరకు 1882లో ప్రభుత్వం ఆ కాలువను కంపెనీ నుంచి కొనేసింది.

1900 నాటికి రైళ్ల మీద 22.5 కోట్ల పౌన్లు, నీటి పనుల మీద 2.5 కోట్లు ఖర్చయ్యాయని రమేశ్‌చంద్ర దత్ లెక్కగట్టాడు. నీటి పని చేపట్టాలన్నా ముందు చూసేది అది వడ్డీ రాబడుతుందా అనే. ఆ కొలతకు డెల్టాలు నిలిచాయి, రాయలసీమ నిలవలేదు. తుంగభద్ర నీళ్లను సీమకు మళ్లించాలని కాటన్ 1860లోనే సూచించాడు. అందుకు తలపెట్టిన తుంగభద్ర ఆనకట్టకు పునాది పడింది 1945లో, కాలువలకు నీళ్లు వదిలింది 1953లో.