బడి గంట కొట్టాక కోడింగ్

పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే ప్రయత్నం బడిలోనే మొదలైంది. కానీ అది కుదురుకున్నది బడి బయట. 1967లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో సింథియా సాలమన్, వాలీ ఫోయర్‌జైగ్, సైమూర్ పాపర్ట్ లోగో భాషను తయారుచేసి, బడి పిల్లల చేతే వాడించి చూశారు. తర్వాత దానికి ‘తాబేలు’ అనే చిన్న రోబో తోడైంది. ఎంత నడవాలో, ఎటు తిరగాలో పిల్లలు చెబితే అది గీత గీసుకుంటూ పోయేది. ఎనభైలలో కంప్యూటర్లు బడుల్లోకి వచ్చాయి గానీ, వాటిని ఒక గదిలో పెట్టి, పీరియడ్ కేటాయించి, మరో సబ్జెక్టు చేసేశారు. పాపర్ట్ దీన్ని గట్టిగానే విమర్శించాడు.

ఈలోగా 1983లో న్యూయార్క్‌లోని హార్లెంలో, పేదల ఇళ్ల సముదాయం సెల్లారులో ఆంటోనియా స్టోన్ అనే లెక్కల టీచరు ఇరుగుపొరుగు వారందరికీ ఒక కంప్యూటర్ కేంద్రం తెరిచింది.

అసలు మలుపు బోస్టన్‌లో వచ్చింది. 1989 డిసెంబరు సెలవుల్లో అక్కడి కంప్యూటర్ మ్యూజియం లెగో ముక్కలతో, లోగోతో ఒక వర్క్‌షాప్ పెట్టింది. సెలవులయ్యాక కూడా కొందరు పిల్లలు మ్యూజియం చుట్టూ తచ్చాడుతుంటే సిబ్బంది వాళ్లను అల్లరిమూక అనుకున్నారు. వాళ్లు వచ్చింది ఆ లెగో కోసమని మ్యూజియంలో పనిచేసే నటాలీ రస్క్‌కు, ఎంఐటీ పరిశోధకుడు మిచెల్ రెస్నిక్‌కు అర్థమైంది. అలా 1993లో కంప్యూటర్ క్లబ్‌హౌస్ పుట్టింది. అక్కడ హాజరు పట్టీ లేదు, మార్కులు లేవు. విసుగు పుడితే లేచి వెళ్లిపోవచ్చు. నా దృష్టిలో ఈ చరిత్రకంతా కీలకం ఆ స్వేచ్ఛే. పిల్లలు ఫొటోలు మార్చారు, పాటలు కట్టారు. ప్రోగ్రాములు మాత్రం పెద్దగా రాయలేదు. బడిలో అయితే పిల్లలకు శ్రద్ధ లేదనేవారు. రెస్నిక్ బృందం తప్పు పనిముట్టుదని ఒప్పుకుని, 2003 నుంచి కొత్తది కట్టడం మొదలుపెట్టింది. 2007లో వచ్చిన స్క్రాచ్ అదే. ఆజ్ఞలన్నీ రంగురంగుల దిమ్మెలు. ఒకదాని కింద ఒకటి తగిలించడమే. కామా తప్పిందని తెర కసురుకోదు.

2011లో ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో జేమ్స్ వెల్టన్ అనే కుర్రాడు, బిల్ లియావోతో కలిసి కోడర్‌డోజో అనే కోడింగ్ క్లబ్బు పెట్టాడు. ఐపాడ్ నానోను హ్యాక్ చేశాడని పేరు రావడంతో, చిన్న తరగతుల పిల్లలు తమకూ నేర్పమని అతని వెంటపడ్డారట. మరుసటి ఏడాది బ్రిటన్‌లో కోడ్ క్లబ్ వచ్చింది. వాలంటీర్లు బడి వదిలాక స్క్రాచ్ నేర్పారు. 2014 సెప్టెంబరులో ఇంగ్లండు కంప్యూటింగ్‌ను ఐదేళ్ల వయసు నుంచే పాఠ్యాంశం చేసింది. కోడర్‌డోజో, కోడ్ క్లబ్ రెండూ తర్వాత బ్రిటన్ స్వచ్ఛంద సంస్థ రాస్ప్‌బెర్రీ పై ఫౌండేషన్‌లో కలిశాయి.

మన దగ్గర బడి తర్వాతి కోడింగ్ ఎక్కువగా ట్యూషన్ రూపంలో వచ్చింది. పిల్లలకు ఆన్‌లైన్‌లో కోడింగ్ నేర్పే వైట్‌హ్యాట్ జూనియర్‌ను 2020లో బైజూస్ 30 కోట్ల డాలర్లకు కొన్నది. అదే ఏడాది జాతీయ విద్యావిధానం కోడింగ్‌ను ఆరో తరగతి నుంచే చేర్చమంది. హైదరాబాద్ పక్కన మొయినాబాద్‌లో సాంఘిక సంక్షేమ గురుకులాల కోడింగ్ అకాడమీకి పాఠ్యప్రణాళిక తయారుచేసింది ఆ రాస్ప్‌బెర్రీ పై ఫౌండేషనే. గురుకులంలో బడి వదిలాక కూడా పిల్లలు ఆ ఆవరణలోనే ఉంటారు. కాబట్టి పాఠ్యప్రణాళిక సంగతి అటుంచి, సాయంత్రం ల్యాబ్ తాళం తీసి ఉంచుతారా అని నేనడుగుతాను.