ఆవాజ్‌కు నామ్ దొరికిన కథ: మెల్ బ్లాంక్

బగ్స్ బన్నీ అనే కుందేలు, డాఫీ అనే బాతు, పోర్కీ అనే నత్తి పంది, ట్వీటీ పిట్ట, దాన్ని తినాలని వెంటపడే సిల్వెస్టర్ పిల్లి. బచ్చాలకు ఇవి వేరువేరు జానవర్లు. వీటన్నిటి ఆవాజ్ మాత్రం ఒకే ఆద్మీది. అతని నామ్ మెల్ బ్లాంక్. అమెరికాలో ఇతన్ని వెయ్యి గొంతుల మనిషి అనేవారు. అతని హునర్ గురించి చాలామంది రాశారు. నేను అతని నామ్ గురించి, మజ్దూరీ గురించి రాయదలచుకున్నాను.

మెల్ 1908 మే 30న శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక యూదు ఖాందాన్‌లో పుట్టాడు. ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో పెరిగాడు. ఇంటిపేరు బ్లాంక్, అంటే ఖాళీ. బడిలో ఒక టీచర్ "నీ పేరులాగే నువ్వూ ఖాళీగానే మిగులుతావు" అనే అర్థంలో ఎగతాళి చేసింది. పదహారేళ్ల వయసులో అతను ఇంటిపేరు చివరి 'కె' అక్షరం తీసేసి 'సి' పెట్టుకున్నాడు. రాత మారింది, పలుకు మారలేదు. ఆ బేఇజ్జతీని మాత్రం జిందగీ అంతా మరచిపోలేదు.

మొదట రేడియోలో పనిచేశాడు. పోర్ట్‌లాండ్ రేడియోలో బీవీ ఎస్టెల్‌తో కలిసి రోజూ ఒక హాస్య కార్యక్రమం నడిపాడు. ఇంకా మనుషుల్ని పెట్టుకోవడానికి పైసలు లేవు. అందుకే అన్ని పాత్రల గొంతులూ తానే పలికేవాడు. గరీబీయే అతనికి ఉస్తాద్ అయింది. తరువాత లాస్ ఏంజెలెస్ చేరి, వార్నర్ బ్రదర్స్‌కు కార్టూన్లు తీసిచ్చే లియోన్ ష్లెసింగర్ స్టూడియో చుట్టూ తిరిగాడు. అక్కడి అధికారి "గొంతులు సరిపడా ఉన్నాయి" అని మళ్ళీ మళ్ళీ వాపస్ పంపేవాడు. ఆ కుర్చీలోకి ట్రెగ్ బ్రౌన్ వచ్చాకే బ్లాంక్ ఆవాజ్ వినేవాడు దొరికాడు.

1937లో పోర్కీ అతని చేతికి వచ్చింది. అంతకుముందు ఆ పాత్రకు గొంతిచ్చిన జో డోహర్టీకి నిజంగానే నత్తి ఉండేది. ఆ నత్తి అతని అదుపులో ఉండేది కాదు. రికార్డింగ్ సాగిపోయేది, ఖర్చు పెరిగేది. అసలు నత్తి ఉన్నవాడి నౌక్రీ పోయింది, నత్తిని నఖల్ చేయగలవాడికి దొరికింది. బ్లాంక్ ఖసూర్ ఇందులో లేదు. కానీ ఈ తారీఖ్ రాసేటప్పుడు డోహర్టీని వదిలేస్తే ఇన్సాఫ్ కాదు.

1940లో బగ్స్ బన్నీ వచ్చింది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్, బ్రాంక్స్ మొహల్లాల యాసల్ని కలిపి ఆ కుందేలుకు జబాన్ తయారు చేశాడు. కేరట్ నమిలే చప్పుడు కోసం నిజంగా కేరట్ కొరికి, నమిలి, ఉమ్మేసి డైలాగ్ చెప్పేవాడు. అదే ఏడాది డిస్నీ 'పినోకియో'లో ఒక పిల్లి పాత్రకు పలికితే, చివరికి చిత్రంలో మిగిలింది ఒక్క వెక్కిలి మాత్రమే. మిగతాదంతా కత్తిరించేశారు.

అసలు మాట ఇక్కడుంది. అప్పట్లో కార్టూన్లకు గొంతిచ్చినవాళ్ళ నామ్ తెర మీద వేసే రివాజ్ లేదు. బ్లాంక్ తన్ఖా పెంచమని అడిగాడు. ష్లెసింగర్ ఇన్కార్ చేశాడు. "పైసలు ఇవ్వకపోతే నామ్ అయినా వేయండి" అన్నాడు బ్లాంక్. మాలిక్ ఒప్పుకున్నాడు, ఎందుకంటే పేరు వేయడానికి దమ్మిడీ ఖర్చు లేదు. 1944 నుంచి తెర మీద అతని నామ్ పడింది. అది చూసి రేడియో కార్యక్రమాల వాళ్ళు పిలిచారు. ఇవ్వని తన్ఖా ఆ దారిన వచ్చింది. ఖాళీగా మిగులుతావని టీచర్ వెక్కిరించిన పేరే అతని పూంజీ అయింది.

దీనికి ఇంకో పహలూ ఉంది. తెర మీద పడింది అతనొక్కడి పేరే. ఎల్మర్ ఫడ్ అనే వేటగాడి గొంతు ఆర్థర్ క్యూ. బ్రయన్‌ది. ఆ కార్టూన్ల మీద అతని నామ్ పడలేదు. ట్వీటీని పెంచే నానమ్మకు పలికిన జూన్ ఫోరే కూడా చాలాకాలం గుమ్‌నామ్‌గానే ఉండిపోయింది. ఎల్మర్ గొంతు కూడా బ్లాంక్‌దేనని జనం అనుకున్నారు. ఒకరికి దొరికిన హక్ అందరికీ దొరకకపోతే అది మిగతావాళ్ళను కప్పే పర్దా అవుతుంది. జూన్ ఫోరే ఊరుకోలేదు. యానిమేషన్ కళాకారులకు ఇచ్చే యానీ అవార్డులు 1972లో మొదలైంది ఆమె కోషిష్ వల్లే.

ఆవాజ్ మీద మాలికానా హక్ ఎవరిది అనే సవాల్ అదాలత్ దాకా వెళ్ళింది. వుడీ వుడ్‌పెకర్ అనే వడ్రంగిపిట్ట నవ్వు మొదట బ్లాంక్‌దే. అతను వెళ్ళిపోయాక కూడా నిర్మాత వాల్టర్ లాంజ్ ఆ నవ్వును వాడుకున్నాడు. 1948లో బ్లాంక్ దావా వేశాడు. తన నవ్వుకు కాపీరైట్ తీసుకోలేదు గనుక ఓడిపోయాడు. అప్పీలుకు వెళ్తే లాంజ్ అదాలత్ బయట సుల్హా చేసుకుని పైసలు ఇచ్చాడు. యంత్రాలు మనుషుల గొంతును నఖల్ చేస్తున్న ఈ జమానాలో ఆ ముఖద్దమా మళ్ళీ యాద్ చేసుకోవాలి.

1961 జనవరి 24న లాస్ ఏంజెలెస్ సన్‌సెట్ బులెవార్డ్ మలుపులో అతని కారు ఇంకో కారును ఢీకొంది. కాళ్ళు విరిగి, తలకు దెబ్బ తగిలి, దాదాపు రెండు వారాలు బేహోష్‌గా ఉన్నాడు. ఎవరు పిలిచినా జవాబ్ లేదు. చివరికి ఒక డాక్టర్ "బగ్స్ బన్నీ, ఎలా ఉన్నావు?" అని అడిగాడు. కుందేలు గొంతుతో జవాబ్ వచ్చింది. తన పేరుకు పలకని మనిషి తన పాత్ర పేరుకు పలికాడు. అప్పుడు అతను 'ఫ్లింట్‌స్టోన్స్'లో బార్నీ రబుల్ గొంతు. కొన్ని భాగాలకు దోస్త్ డాస్ బట్లర్ ఆ పాత్రను పలికి నిలబెట్టాడు. తరువాత బ్లాంక్ ఒళ్ళంతా కట్టుతో పడుకునే, మంచం మీదికి మైకు వేలాడదీయించుకుని పని చేశాడు.

1989 జూలై 10న, 81వ ఏట ఇంతెకాల్ అయ్యాడు. హాలీవుడ్‌లోని ఖబర్ రాయి మీద, పోర్కీ కార్టూన్ చివర చెప్పే వీడ్కోలు మాటే చెక్కించారు.

మన తెలుగులో డబ్బింగ్‌ను గాత్రదానం అంటాం. దానం అంటే ఖైరాత్. గొంతు చించుకుని చేసేది ఖైరాత్ కాదు, మెహనత్. ఆ మెహనత్‌కు మజ్దూరీ కావాలి, నామ్ కూడా కావాలి. బ్లాంక్ మొదటిది అడిగి రెండోది తెచ్చుకున్నాడు. బ్రయన్‌కు ఆ రెండోది దక్కలేదు. ఈసారి కార్టూన్ చూసినప్పుడు బచ్చాలకు ఆ ఆవాజ్ ఎవరిదో కూడా చెప్పండి.