డిమెన్షియాకు సంగీత చికిత్స

డిమెన్షియా ఉన్నవారి దిగులునూ అలజడినీ తగ్గించడానికి శిక్షణ పొందిన చికిత్సకులు పాటనూ లయనూ వాడే పద్ధతి ఇది. జబ్బును నయం చేయదు, చెరిగిపోయిన జ్ఞాపకాలను తిరిగి తేదు. ఆ ఆశ పెట్టి కుటుంబాలను మభ్యపెట్టే మాటలు చాలా ప్రచారంలో ఉన్నాయి కాబట్టి ముందే చెప్పుకోవాలి.

వృత్తిగా సంగీత చికిత్స రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికాలో స్థిరపడింది. సైనికుల ఆస్పత్రుల్లో కళాకారులు పాడుతుంటే రోగులు తేరుకోవడం వైద్యులు గమనించారు. ఎవరికి ఏది, ఎప్పుడు వినిపించాలో నేర్పే చదువు మాత్రం లేదు. 1944లో మిషిగన్ స్టేట్ కళాశాల ఆ డిగ్రీని ప్రారంభించింది. ఆ దశాబ్దంలోనే మానసిక వైద్యుడు ఐరా ఆల్ట్‌షులర్ చెప్పిన ‘ఐసో’ సూత్రం నేటికీ అక్కరకొస్తోంది. దాని ప్రకారం, వసారాలో వడివడిగా తిరుగుతున్న పెద్దావిడను ‘కూర్చోండమ్మా’ అని ఆపరు. ఆమె అడుగుల వేగానికే తాళం వేస్తారు. అడుగూ తాళమూ కలిశాక తాళాన్ని కొద్దికొద్దిగా నిదానం చేస్తారు. చాలాసార్లు అడుగు కూడా దానివెంటే నెమ్మదిస్తుంది.

డిమెన్షియా మీద ప్రత్యేక శ్రద్ధ ఆలస్యంగా వచ్చింది. న్యూయార్క్‌లోని బెత్ అబ్రహాం ఆస్పత్రిలో నాడీ వైద్యుడు ఆలివర్ శాక్స్, చికిత్సకురాలు కాన్‌చెట్టా టొమైనో కలిసి పనిచేశారు. సంగీతం వృద్ధులకు చేసే మేలు గురించి 1991లో శాక్స్ అమెరికా సెనేట్ కమిటీ ముందు చెప్పారు. అసలు మలుపు నర్సింగ్ పరిశోధకురాలు లిండా గెర్డ్‌నర్‌ది. మనసుకు హాయినిచ్చే శాస్త్రీయ సంగీతం కంటే, రోగికి పూర్వం ప్రాణమైన పాటే అలజడిని ఎక్కువగా తగ్గిస్తుందని 39 మందితో చేసిన అధ్యయనంలో ఆమె 2000లో చూపారు. అలజడి రేగే వేళకు అరగంట ముందే వినిపించాలన్నది ఆమె సూచన.

ఈ సంగతి జనంలోకి వెళ్లింది ‘అలైవ్ ఇన్‌సైడ్’ (2014) డాక్యుమెంటరీతో. తల వాల్చుకుని పలుకూ ఉలుకూ లేకుండా కూర్చున్న హెన్రీ అనే వృద్ధుడికి హెడ్‌ఫోన్ పెడతారు. కళ్లు విప్పారతాయి, ఒళ్లు ఊగుతుంది. హెడ్‌ఫోన్ తీశాక కూడా తన అభిమాన గాయకుడి గురించి మాట్లాడతాడు. ఇందుకు ఒక కారణాన్ని 2015లో లైప్జిగ్ పరిశోధకులు ముందుకు తెచ్చారు: చిరకాలం విన్న పాటలను గుర్తుపట్టే మెదడు భాగాలు అల్జీమర్స్‌లో మిగతావాటి కంటే ఆలస్యంగా దెబ్బతింటాయి.

లెక్కలు ఇంత అబ్బురంగా ఉండవు. 22 అధ్యయనాలను పరిశీలించిన 2018 నాటి కాక్రేన్ సమీక్షలో దిగులు తగ్గినట్టు తేలింది. జ్ఞాపకశక్తిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. రోజంతా ఒంటరిగా బిక్కుబిక్కుమంటూ గడిపే మనిషికి దిగులు తగ్గడం చిన్న విషయం కాదు.

భారతదేశంలో డిమెన్షియాతో ఉన్న వృద్ధులు సుమారు 88 లక్షలని 2023 నాటి అంచనా. శిక్షణ ఉన్న చికిత్సకులు వారిలో చాలామందికి అందుబాటులో లేరు. అయినా గెర్డ్‌నర్ సూత్రాన్ని ఇంట్లోవాళ్లూ పాటించవచ్చు. పడుచు వయసులో విన్న పాటలే చివరిదాకా బలంగా నిలుస్తాయి. 1955లో ‘మిస్సమ్మ’ వచ్చేనాటికి పద్దెనిమిదేళ్లున్న తెలుగు అమ్మాయికి ఆ సినిమా పాటలు కావచ్చు, వాళ్లమ్మ నేర్పిన మంగళహారతి కావచ్చు. ఏదన్నది ఆమె తోబుట్టువులను అడిగి, ఆమె మాట పూర్తిగా పోకముందే రాసిపెట్టుకోవాలి. వినిపించేటప్పుడు టీవీ కట్టేసి, పక్కనే కూర్చుని ముఖం చూస్తుండాలి. ఏ పాటకైనా కన్నీళ్లు ఆగకపోతే, దాన్ని అక్కడే ఆపాలి.