ఆకు నుంచి సీసాకు: పాలమూరు కల్లు దుకాణంపై ఒక పరిశీలన

ఆమ్‌స్టర్‌డామ్ పాత మధుశాలల్లో యెనేవర్ అనే మద్యాన్ని గ్లాసు అంచు దాకా నింపుతారు. ఎత్తితే ఒలుకుతుంది గనుక తాగేవాడు చేతులు పెట్టకుండా వంగి మొదటి గుక్క పీలుస్తాడు. తాటివనంలో కల్లుకు ఆకు పట్టి కూర్చున్న పాలమూరు మనిషీ అలాగే వంగుతాడు. పోలిక అక్కడికే సరి. యెనేవర్ బట్టీసరుకు, పీపాలో ఏళ్ల తరబడి ఉండగలదు. కల్లుకు అంత ఓపిక లేదు.

గౌడు మోకు, ముస్తాదు, గీతకత్తితో చెట్టెక్కి లొట్టి దించేసరికే అందులోని తీపి రసం, అంటే నీరా, పులియడం మొదలై ఉంటుంది. లొట్టికి సున్నం పూస్తే అది ఆగుతుంది. పూయకుంటే కుండను, గాలిని ఆశ్రయించిన ఈస్టు కొన్ని గంటల్లోనే చక్కెరను నాలుగైదు శాతం ఆల్కహాలుగా మారుస్తుంది. మర్నాటికి పుల్లగా విరుగుతుంది. పొద్దటి కల్లు, మాపటి కల్లు అని విడిగా పిలవడానికి కారణమిదే. చెట్టు కింది తాగుడుకు ఈ గడియారమే కట్టుబాటు. ఎంత దిగితే అంతే, ఎప్పుడు దిగితే అప్పుడే. పక్కన గుడాలో, బోటి కూరో.

దుకాణం ఈ లెక్కను తలకిందులు చేసింది. గద్వాల నడిగడ్డలోనైనా, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లోనైనా సీసా ఏడాది పొడుగునా, రోజంతా నిండుగా ఉండాలి. తాటి, ఈత వేర్వేరు కాలాల్లో పారే చెట్లు. దుకాణం కోసం అవి ఎక్కువ పారవు. ఆ లోటులోకి క్లోరల్ హైడ్రేట్, డయాజెపాం, అల్ప్రాజోలం అనే మత్తుమందులు దూరాయి. వ్యాపారి దురాశ అనడం సులువే, అబద్ధమూ కాదు. కానీ నీళ్లు కలిపి పలచనైన కల్లుకు మత్తు తెచ్చే పని మాత్రకు అప్పగించారన్నది నా వాదన. వలస కూలిపని నుంచి ఒళ్లు హూనమై వచ్చినవాడికి నిద్ర పట్టించే సరుకు కూడా అదే కావడంతో గిరాకీ నిలబడింది.

2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీపై దాడులు ముమ్మరం చేసినప్పుడు దీని లోతు బయటపడింది. ఉమ్మడి మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో వందల మంది వణుకు, మూర్ఛలు, మతిభ్రమతో ఆసుపత్రుల్లో చేరారు. ఒట్టి కల్లు మానినందుకే వచ్చినవి కావవి. మత్తుమందు ఒక్కసారిగా ఆగినప్పుడు కనిపించేవి. మరుసటి ఏడాది, 2016 అక్టోబరు 11న, పాలమూరు అనే పాత మహబూబ్‌నగర్ జిల్లా విడిపోయి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. అలవాటుకు ఆ సరిహద్దులు పట్టవు.

అల్ప్రాజోలం, డయాజెపాం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి, కల్లు ఆబ్కారీ చట్టం కిందికి. ఒకే సీసాకు రెండు చట్టాలు. మరోవైపు 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో తెరిచిన నీరా కేఫ్ చల్లదనాన్ని నమ్ముకుంది. పులుపును చలితో ఆపడం నిజాయితీ గల ఉపాయమే, అయితే అది చెట్టు మొదట్లోనే మొదలుకావాలి. కల్తీ ముదిరిన సీసాకు ఆ అవసరం రాదు. పులియడానికి అందులో నీరాయే ఉండదు.