మహేశచంద్రుని నల్లబలగము

నల్లకాయలు పట్టినవాడు తొందరపడక యెట్లు నిలువవలయునో నేను మహేశచంద్ర బెనర్జీ యాటలు చూచి తెలిసికొంటిని. ఈ వంగదేశపు బ్రాహ్మణుడు 1850 ప్రాంతమున కలకత్తాలో జాన్ కాక్రేన్ అను స్కాట్లాండు న్యాయవాదితో చదరంగమాడెను.

మన పాతయాటలో బంటు తొలియెత్తునను ఒక్క గడియే కదలును. ఐరోపా నిబంధనలతో ఆడునపుడును ఆయన ఆ యలవాటు విడువలేదు. నడిమి గళ్లను తెల్లబంట్లకు వదలి, గుఱ్ఱము ముందరి బంటు నొక గడి జరిపి, దాని వెనుక శకటును నిలిపి, రాజునకు కోట కట్టి, పిదప ఎదురు కొట్టెడివాడు. చూపరులకిది పిఱికితనముగా తోచును గాని, ఆ శకటు మూలనుండియే నడిమి గళ్లను కాచుచుండును.

పెక్కు ఆటలలో కాక్రేనే గెలిచెను, దాచనేల? అయినను 1855లో బెనర్జీ యాడిన వ్యూహమునే 1922లో వియన్నా వాడగు గ్రున్‌ఫెల్డ్ ప్రయోగింపగా దానికి అతని పేరే నిలిచినది.