పొలం మట్టిలో యాంటీబయాటిక్ అవశేషాలు: బయోచార్ ఎంతవరకు అడ్డుకోగలదు?

పుదుచ్చేరి: కోళ్లకు, పశువులకు ఇచ్చిన యాంటీబయాటిక్ మందు వాటి శరీరంలోనే ఖర్చయిపోదు. మందు రకాన్ని బట్టి ఇచ్చిన మోతాదులో సుమారు 30 నుంచి 90 శాతం వరకు పెంటలోను, మూత్రంలోను బయటికి వచ్చేస్తుంది. ఆ పెంటే ఎరువుగా పొలానికి చేరుతుంది. మట్టిలోకి వెళ్లిన మందును కదలకుండా పట్టి ఉంచే పదార్థంగా బయోచార్‌పై కొన్నేళ్లుగా వివిధ దేశాల్లో పరిశోధనలు సాగుతున్నాయి. ఆశ కల్పించే ఫలితాలు వచ్చాయి. అయితే ప్రయోగశాలలోని కుండీకి, రైతు ఎకరాకు మధ్య ఉన్న దూరాన్ని లెక్కలోకి తీసుకోకుండా వాటిని చదవలేము.

మట్టిలో మందు ఉంటే నష్టమేమిటి? స్వల్ప మోతాదులో మందు నిరంతరం తగులుతూ ఉంటే, దానిని తట్టుకోగల బాక్టీరియా మిగిలి వృద్ధి చెందుతాయి, తట్టుకోలేనివి నశిస్తాయి. తట్టుకునే శక్తినిచ్చే జన్యువులను బాక్టీరియా తమ సంతతికే కాక, పక్కనున్న వేరే జాతి బాక్టీరియాకు కూడా అందించగలవు. అలా మట్టిలో పుట్టిన నిరోధకత నీటి ద్వారా, ఆకుకూరల ద్వారా, పొలంలో పనిచేసేవారి చేతుల ద్వారా రోగకారక క్రిముల వరకు చేరే అవకాశం ఉంది. ఆసుపత్రిలో మందు పనిచేయకపోవడం ఈ గొలుసు చివర కనిపించే లక్షణం. భారత వైద్య పరిశోధన మండలి 2013లో ప్రారంభించిన నిరోధకత నిఘా వలయంలో పుదుచ్చేరిలోని జిప్మర్ ఒక నోడల్ కేంద్రం. అక్కడ లెక్కించేది రోగుల నమూనాలలోని క్రిములను. పొలం మట్టికి అంతటి నిఘా లేదు.

తెలుగు నేల మీది అనుభవం

ఈ కాలుష్యం ఎంత దూరం వెళ్లగలదో ప్రపంచానికి తెలిసింది హైదరాబాద్ సమీపంలోని పటాన్‌చెరు ద్వారానే. సుమారు 90 బల్క్ డ్రగ్ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే గరిష్ఠ స్థాయి కంటే అది ఎక్కువ. 2009లో వెలువడిన మరో అధ్యయనం ఆ ప్రాంతపు చెరువులలోను, గ్రామాల బావులలోను మందుల ఆనవాళ్లను చూపింది.

పుదుచ్చేరి పరిస్థితి దీనికి భిన్నం. ఇక్కడ పొలానికి మందు చేరే దారి పరిశ్రమ గొట్టం కంటే ఎక్కువగా ఎరువు బండి. బాహూరు పరిసరాల్లో వరి, చెరకు ప్రధానమైన పంటలు. ఊసుటేరి, బాహూరు చెరువులున్నా సాగు అధికభాగం బోరుబావుల మీదే నడుస్తుంది. ఈ వివరం ముఖ్యం. టెట్రాసైక్లిన్ వర్గపు మందులు బంకమట్టికి గట్టిగా అతుక్కుంటాయి, లోతుకు దిగవు. సల్ఫా మందులు అలా కాదు. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న తీరప్రాంతపు నేలలో వాననీటితోపాటు జారి భూగర్భజలానికి చేరగలవు. ఒకే పెంట, ఒకే మందు అయినా, నల్లమట్టి పొలంలో ఒక సమస్య, సముద్రం ఒడ్డున మరొక సమస్య. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనే భాగమై గోదావరి డెల్టాలో ఉన్న తెలుగువారి యానాం నేల మళ్లీ వేరు.

బొగ్గు చేసే పని

గాలి తగలకుండా, లేదా అతి తక్కువ గాలిలో, సుమారు 300 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ వేడిలో పంట వ్యర్థాలను మాగ్గిస్తే మిగిలేదే బయోచార్. తెలుగు పత్రికలు దీనిని 'జీవ బొగ్గు' అని కూడా రాస్తున్నాయి. ఇక్కడి తమిళ రైతుకు బొగ్గు అంటే 'కరి'. మనం నల్లావును 'కర్రి ఆవు' అనేటప్పుడు వాడేదీ ఆ కుదురుకు చెందిన మాటే. పేరు సంగతి అలా ఉంచితే, రంగు మాత్రం రైతుకు పనికొచ్చే గుర్తు. నల్లగా, తేలికగా, చేతికి మసి అంటేలా ఉంటే అది బొగ్గు. తెల్లగా, బూడిదరంగులో ఉంటే కర్బనం కాలిపోయినట్టే. రైస్‌మిల్లు బాయిలర్ల నుంచి వచ్చే ఊక బూడిదను బయోచార్ పేరుతో కొంటే ఈ పనికి పెద్దగా ఉపయోగం ఉండదు.

బయోచార్ లోపల లెక్కలేనన్ని సన్నని రంధ్రాలుంటాయి. మందు అణువులు వాటిలో చిక్కుకుంటాయి. అంతేకాక, యాంటీబయాటిక్‌లలో చాలావాటి నిర్మాణంలో ఉండే వలయాలు బొగ్గు ఉపరితలంలోని కర్బన వలయాల మీద పలక మీద పలకలా పరుచుకుని అతుక్కుంటాయి. అతుక్కున్న మందు బాక్టీరియాకు అందదు, వేరుకు అందదు, నీటితో కదలదు. నిరోధక జన్యువుల వ్యాప్తి తగ్గడానికి, పంట మొక్కల్లోకి మందు చేరిక తగ్గడానికి ఇదే ప్రధాన కారణమని పరిశోధకులు వివరిస్తున్నారు.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది, పట్టి ఉంచడం వేరు, నాశనం చేయడం వేరు. బొగ్గులో చిక్కిన మందును కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు కూడా అది అందదు కనుక కొన్ని మందులు మట్టిలో మరింత కాలం నిలిచిపోవచ్చు. రెండవది క్షారగుణం. గడ్డితో చేసిన బయోచార్ సాధారణంగా మట్టి పీహెచ్‌ను పెంచుతుంది. పీహెచ్ పెరిగినప్పుడు సల్ఫా మందుల అణువులు రుణావేశం పొందుతాయి. బొగ్గు ఉపరితలానిదీ రుణావేశమే కనుక రెండూ వికర్షించుకుంటాయి. అంటే జారిపోయే స్వభావం గల మందు విషయంలోనే బొగ్గు పట్టు సడలే ప్రమాదం ఉంది. ఉప్పునీరు చొరబడిన తీరప్రాంతపు పొలాల్లో లవణాలు ఎక్కువగా ఉండే గడ్డి బొగ్గు కంటే, సరుగుడు లేదా సర్కారు తుమ్మ వంటి కర్రతో చేసిన బొగ్గు మేలు. ఆ రెండింటికీ ఈ తీరంలో కొరత లేదు.

ఎకరం లెక్క

ప్రయోగాలలో సాధారణంగా మట్టి బరువులో 1 నుంచి 5 శాతం వరకు బయోచార్ కలుపుతారు. ఒక శాతమే తీసుకుందాం. ఎకరంలో పైనున్న 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 800 టన్నులు. అందులో ఒక శాతం అంటే 8 టన్నుల బొగ్గు. మూడు పాళ్ల ఎండుగడ్డికి ఒక పాలుకు మించి బొగ్గు రాదు. కాబట్టి 25 టన్నులకు పైగా గడ్డి కావాలి. ఎకరం వరి పంటకు వచ్చే గడ్డి రెండు, రెండున్నర టన్నులు. పశువుల మేతకు, అమ్మకానికి పోగా మిగిలేది ఇంకా తక్కువ. పది పంటల గడ్డిని ఒక్క ఎకరానికి కాల్చే రైతు ఎక్కడా ఉండడు.

అందుచేత బొగ్గును పొలమంతా చల్లడం కంటే పెంటపోగులోనే కలపడం అర్థవంతంగా కనిపిస్తుంది. ఎకరానికి వేసే రెండు టన్నుల ఎరువుకు పదో వంతు కలపాలన్నా 200 కిలోలు చాలు. మందు గాఢత ఎక్కువగా ఉండేదీ అక్కడే. పోగు సరిగా మాగి, లోపలి వేడి 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిస్తే టెట్రాసైక్లిన్, సల్ఫా మందులు గణనీయంగా విచ్ఛిన్నమవుతాయి. ఫ్లోరోక్వినోలోన్ వర్గపు మందులు మొండివి. వాటిలో చెప్పుకోదగ్గ భాగం మిగులుతుంది. ఆ మిగిలినదానిని పట్టి ఉంచడానికే బొగ్గు అవసరం. పైగా అమ్మోనియా రూపంలో గాలిలో కలిసిపోయే నత్రజనిని కూడా బొగ్గు కొంత నిలుపుతుంది. యాంటీబయాటిక్ మాట వినని రైతుకు ఇది వినదగిన లాభం. పచ్చి కోళ్ల ఎరువును లారీ దించిన రోజే పొలంలో చల్లడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి.

తయారీకి భారీ యంత్రాలు అక్కరలేదు. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, క్రీడా, వాడేసిన ఇనుప డ్రమ్ముతో చేసే చిన్న బట్టీని రూపొందించి, పత్తి కట్టె వంటి వ్యర్థాలతో బయోచార్ తయారీని వివరించింది. పొగ ఎక్కువగా వచ్చేలా అరకొరగా కాల్చిన బొగ్గులో తారు వంటి హానికర పదార్థాలు మిగులుతాయి. రంగు వేసిన కలప, ప్లాస్టిక్ కలిసిన చెత్త అసలే వాడకూడదు.

మందు వాడకాన్నే తగ్గించడానికి ప్రభుత్వం కొన్ని చర్యలు తీసుకుంది. చివరి అస్త్రంగా వైద్యులు వాడే కోలిస్టిన్‌ను కోళ్లు, పశువులు, ఆక్వా చెరువులలో వాడకుండా 2019 జులైలో నిషేధించింది. పంటలపై స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ పిచికారీకి 2021 డిసెంబరు ఉత్తర్వు గడువు విధించగా, 2024 జనవరి 1 నుంచి వాడకం పూర్తిగా నిషిద్ధమైంది. మందుల పరిశ్రమల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ పరిమితులను 2020 జనవరి ముసాయిదాలో ప్రతిపాదించారు. 2021 ఆగస్టులో వెలువడిన తుది నోటిఫికేషన్‌లో అవి లేవు. ఇక ఎరువు సంగతి. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కంపోస్టులో సీసం, కాడ్మియం, పాదరసం వంటి భార లోహాలకు హద్దులు నిర్ణయించింది. యాంటీబయాటిక్ అవశేషాలకు అటువంటి హద్దు అందులో లేదు.